రెండో ట్యాంకు ఉంది కదా అని...

మేముండేది బోరబండలో. హైటెక్ సిటీ నుంచి ఎమ్మెమ్‌టీఎస్‌లో ఒక్క స్టేషను దూరం. మూడంతస్తుల ఇల్లు, మాది పై వాటా. డాబా మీద రెండు నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు, ఒక్కొక్కటీ వెయ్యి లీటర్లు. రెంటినీ అడుగున ఒక పైపుతో కలిపారు. ఆ పైపు మధ్యలో ఒక వాల్వు. మోటారు వేస్తే నీళ్ళు ముందు మొదటి ట్యాంకులో పడతాయి, అక్కణ్ణుంచి అడుగు పైపులోంచి రెండో దాంట్లోకి వెళ్తాయి. కింది రెండు వాటాలకీ మొదటి ట్యాంకు నుంచి, మాకు రెండో ట్యాంకు నుంచి కుళాయిలు. ఇంటిగలావిడ భాషలో చెప్పాలంటే "మీకు స్పెషల్ టాంకి".

ఒక ఆదివారం పొద్దున మొహానికి సబ్బు రాసుకుని కుళాయి తిప్పితే చుక్క నీళ్ళు లేవు. కళ్ళు మూసుకునే కిందకి దిగి ఆంటీని అడిగా.

"నీళ్ళెందుకుండయ్ బాబూ? టాంకి నిండి పొర్లింది. నేనే మోటరు బందు వెట్టిన గద!"

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. పైకెళ్ళి చూస్తే మొదటి ట్యాంకు మూత దాకా నీళ్ళు. రెండోది ఎండిపోయి ఉంది. రెండు రోజుల క్రితం ట్యాంకులు కడగడానికి వచ్చిన కుర్రాళ్ళు మధ్య వాల్వు మూసి, తెరవడం మర్చిపోయారు. అంతే. వెయ్యి లీటర్ల నీళ్ళు నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి, నా మొహం మీద సబ్బు ఆరిపోతోంది. వాల్వు పిడి పావు చుట్టు తిప్పగానే బుడబుడమని చప్పుడు చేస్తూ నీళ్ళు అటు కదిలాయి.

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే సరిగ్గా ఇదే సంగతి అంతకు ముందు ఏడాది నాకు సముద్రంలో 20 మీటర్ల లోతున జరిగింది. అప్పుడు ట్యాంకుల్లో ఉన్నది నీళ్ళు కాదు, గాలి.

కాస్త వెనక్కి వెళ్తాను. నాకు స్కూబా పిచ్చి పట్టింది విశాఖపట్నంలో, రుషికొండ దగ్గర. చుట్టాల పెళ్ళికని వెళ్ళి, సరదాగా ఒక్కసారి మునిగి వద్దామని మునిగా, ఇంకా తేల్లేదు :) నీళ్ళ కింద ఎవరూ ఫోన్ చెయ్యరు, ఎవరూ "క్విక్ కాల్" అనరు. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి అది ఎంత సుఖమో వేరే చెప్పక్కర్లేదు. సముద్రం మూడొందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్ళో కూర్చుని, సెలవులు పోగేసుకుని, ఏడాదికి పదో పన్నెండో డైవులు చేసేవాణ్ణి. వైజాగ్, కర్ణాటకలో మురుడేశ్వర్ అవతల నేత్రాణి, రెండుసార్లు అండమాన్. కొన్నాళ్ళకి ఒక సిలిండరు చాలదనిపించింది. జంట సిలిండర్లు కట్టుకుని దిగే కోర్సులో చేరా. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది చెప్పను, ఎందుకంటే తప్పులో సగం నాది.

జంట సిలిండర్ల అమరిక ఇలా ఉంటుంది. వీపు మీద రెండు సిలిండర్లు పక్కపక్కన. రెండు తలల్నీ కలుపుతూ ఒక లోహపు గొట్టం, దాన్ని మానిఫోల్డు అంటారు. ఆ గొట్టం మధ్యలో ఒక వాల్వు, దాని పేరు ఐసోలేటరు. కుడి సిలిండరు తల మీద ఒక వాల్వు, ఎడమ దాని మీద ఒకటి. ఒక్కో దానికి ఒక్కో రెగ్యులేటరు. వెరసి మూడు వాల్వులు, మూడూ మెడ వెనకే. గాలి ఎంతుందో చూపించే గేజి మామూలుగా ఎడమ వైపు రెగ్యులేటరుకి ఉంటుంది. మామూలుగా ఊపిరి పీల్చేది కుడి దాంట్లోంచి. మధ్య వాల్వు తెరిచి ఉన్నంతసేపూ అవి రెండు సిలిండర్లు కావు, ఒకటే పెద్ద సిలిండరు. మా డాబా మీద ట్యాంకుల్లాగే ఎటు వాడినా రెంటిలోనూ సమంగా తగ్గుతుంది.

ఆ రోజు 200 బార్లతో దిగాం. పదిహేను నిమిషాలైంది. గేజి చూసుకుంటే ముల్లు ఇంకా 200 మీదే ఉంది. నాకెంత సంతోషమేసిందో! "ఆహా, నేనెంత నిదానంగా ఊపిరి తీస్తున్నా, ప్రాణాయామం పనిచేసింది" అనుకున్నా. పక్కకి వచ్చిన మా శిక్షకుడు నా గేజి పట్టుకుని చూసి, మళ్ళీ చూసి, నన్ను ఆపి, నా మెడ వెనక చెయ్యి పెట్టి ఏదో తిప్పాడు. వెనక సన్నగా బుస్సుమన్న శబ్దం. నా కళ్ళ ముందే ముల్లు 200 నుంచి 160కి జారింది.

మధ్య వాల్వు మూసి ఉందన్నమాట. పడవ ఎక్కకముందు ఎవరు మూశారో, ఎందుకు మూశారో తెలీదు. దిగేముందు తడిమి చూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు.

లెక్క చూడండి. నిదానంగా ఈదే మనిషి నీటి పైన నిమిషానికి సుమారు 20 లీటర్ల గాలి పీలుస్తాడనుకుందాం. 20 మీటర్ల లోతులో పీడనం పైకన్నా మూడు రెట్లు, కాబట్టి నిమిషానికి 60 లీటర్లు. పదిహేను నిమిషాలకి 900. మామూలు అల్యూమినియం సిలిండరు లోపలి కొలత 11 లీటర్ల చిల్లర, అంటే 200 బార్ల దగ్గర దాదాపు 2,200 లీటర్ల గాలి. నేను పీలుస్తున్న కుడి సిలిండరు అప్పటికే 120 బార్లకి దిగింది. నేను చూస్తున్న గేజి మాత్రం ముట్టుకోని ఎడమ సిలిండరుది. అలాగే వదిలేస్తే 37వ నిమిషం దగ్గర నోట్లో గాలి బిగుసుకుపోయి ఆగిపోయేది. గేజి మాత్రం 200 చూపిస్తూనే ఉండేది.

నాతోటి సాఫ్టువేరు జనాలకి ఇది చెప్తే ఠక్కున అర్థమవుతుంది. ట్రాఫిక్ అంతా ఒక సర్వరు మీద నడుస్తోంది, డాష్‌బోర్డు మాత్రం ఖాళీగా కూర్చున్న స్టాండ్‌బై సర్వరుది చూపిస్తోంది. అన్నీ పచ్చ దీపాలే. అర్ధరాత్రి ఫోను మోగేదాకా మనకి తెలీదు.

మీలో ఎవరైనా "మరి ఎడమ సిలిండరులో గాలి నిండుగా ఉందిగా, ఆ రెగ్యులేటరు నోట్లో పెట్టుకుంటే సరిపోయేదిగా?" అనొచ్చు. నిజమే. అది మెడ కిందే వేలాడుతోంది, జానెడు దూరం కూడా లేదు. కానీ గేజి 200 చూపిస్తుండగా ఊపిరి ఆగిపోతే ఎవరికైనా మొదట తట్టేది "రెగ్యులేటరు పాడైంది, పైకి పరిగెత్తు" అనే. ఊపిరి బిగపట్టి పైకి పరిగెత్తితే ఊపిరితిత్తులు చిట్లుతాయి. గాలి ఉండీ మనిషి పోయేది ఇలాగే.

అప్పట్నుంచీ నన్ను తినేసిన ప్రశ్న ఒక్కటే. రెండో సిలిండరు కొనుక్కోవడం తేలికే. దాన్ని మొదటి దానితో ఎలా కలపాలి? అసలు కలపాలా?

దీని మీద డైవింగు లోకంలో మతాలున్నాయి. మన దగ్గర స్పేసులా, ట్యాబులా అని ఆఫీసుల్లో కొట్టుకున్నంత పనీ చేస్తారు. నాకు తెలిసినంతలో ముందు ఆ అమరికల సంగతి చెప్తా, తర్వాత నా గోల చెప్తా.

మొదటిది, అసలు కలపకపోవడం. వీపు మీద రెండు సిలిండర్లు, రెండు రెగ్యులేటర్లు, రెండు గేజిలు, మధ్యలో ఏ గొట్టమూ లేదు. ఒకటి మొత్తం పోయినా రెండోది భద్రం. చిక్కేంటంటే రెంటినీ సమంగా తగ్గించే పని నీదే. 30, 40 బార్లకోసారి నోట్లోది తీసి ఇంకోటి పెట్టుకుంటూ ఉండాలి. మర్చిపోతే ఒకటి ఖాళీ, ఒకటి నిండు.

రెండోది, కలిపి వదిలేయడం. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ తయారుచేసిన తర్వాత వచ్చిన పాత జంట సెట్లు ఎక్కువగా ఈ రకమే. సిలిండర్లు రెండు, బయటకి దారి మాత్రం ఒకటే, దానికి ఒకటే రెగ్యులేటరు. గాలి రెట్టింపు, భద్రత మాత్రం పెరగలేదు. ఆ ఒక్క రెగ్యులేటరు పోతే అంతా పోయినట్టే. 1970 ప్రాంతాల్లో బహమాస్ నీటి గుహల్లో తిరిగిన కెనడా డైవరు జార్జ్ బెంజమిన్ పేరు మీద రెండు దారుల మానిఫోల్డు వాడుకలోకి వచ్చింది. ఒక రెగ్యులేటరు పాడైతే దాని వాల్వు మూసేసి, రెండో దాంట్లోంచి రెండు సిలిండర్ల గాలీ వాడుకోవచ్చు. పెద్ద మెట్టు అది. కానీ గొట్టమే కారితే? సిలిండరు మెడ దగ్గరి రబ్బరు రింగే తెగితే? రెండు సిలిండర్లూ కలిసి ఖాళీ అవుతాయి.

మూడోది అందుకే పుట్టింది. ఆ గొట్టం మధ్యలో ఐసోలేటరు. కారుతున్న సగాన్ని మూసేసి మిగతా సగం కాపాడుకోవచ్చు. ఇప్పుడు జంట సిలిండర్ల డైవింగులో ఎక్కువ మంది వాడేది ఇదే. నేను కోర్సులో కట్టుకున్నదీ ఇదే.

నాలుగోది సైడ్‌మౌంట్. ఇంగ్లాండులో ఇరుకు బిలాల్లో దూరేవాళ్ళు వీపు మీద సిలిండర్లుంటే పట్టక పక్కలకి కట్టుకోవడం మొదలెట్టారు. చెరో చంక కింద ఒకటి, రెంటికీ సంబంధం లేదు, వాల్వులు కళ్ళ ముందే ఉంటాయి. 2018 జులైలో థాయ్‌లాండు గుహలో చిక్కుకున్న పన్నెండు మంది పిల్లల్నీ వాళ్ళ కోచ్‌నీ వెతికి పట్టుకున్న బ్రిటిష్ డైవర్లు ఈ సంప్రదాయం నుంచి వచ్చినవాళ్ళే.

ఐదోది జంట కాదు గానీ చెప్పుకోవాలి. ఒకే సిలిండరు తల మీద రెండు వాల్వులు, రెండు రెగ్యులేటర్లు. గాలి పెరగదు, రెగ్యులేటరు మొరాయిస్తే మాత్రం ఇంకోటి ఉంటుంది.

ఇహ వాదనకొస్తా. ఐసోలేటరు మానిఫోల్డు పక్షం వాళ్ళు చెప్పేది కాగితం మీద కాదనలేం. ఏ ఒక్కటి పాడైనా కనీసం సగం గాలి దక్కుతుంది, చాలా సందర్భాల్లో మొత్తం దక్కుతుంది. ఇంజనీరుగా నాకూ అదే నచ్చింది. మనకి రిడండెన్సీ అంటే ఒక భక్తి కదా. కానీ కాగితం మీద లేనిది ఒకటుంది. ప్రతి వాల్వూ ఒక రక్షణ అయినట్టే ఒక కొత్త ప్రమాదం కూడా. నా ఐసోలేటరు నన్ను ఏ ప్రమాదం నుంచీ కాపాడలేదు, అదే ప్రమాదం అయ్యింది. అది మూసి ఉండగా సిలిండర్లు నింపితే ఒకటే నిండుతుంది. ఆక్సిజన్ పాలు పెంచిన నైట్రాక్స్ లాంటి మిశ్రమం నింపుతుంటే ఇంకా ఘోరం. ఒక సిలిండరులో ఒక మిశ్రమం, రెండో దాంట్లో ఇంకో మిశ్రమం, పరీక్షించింది మాత్రం ఒక్కటే. అలాగే ఎడమ నాబు సంగతి. పైకప్పులాంటిదేదైనా తగులుతూ ముందుకి ఈదితే ఆ రాపిడికి ఎడమ నాబు మూసుకునే వైపే తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు. అందుకే ముఖ్యమైన రెగ్యులేటరు కుడి వైపు పెడతారు. ఇవన్నీ తెలుసుకుని, ప్రతిసారీ దిగేముందూ దిగాకా మూడు నాబులూ తడిమి చూసుకునే అలవాటు ఉన్నవాడికే మానిఫోల్డు రక్ష.

సరే, అలవాటు చేసుకుంటే పోలా? అలాగే అనుకున్నా. ఇక్కడే నా అసలు కథ.

కోర్సులో వాల్వు డ్రిల్లు అని ఉంటుంది. నీళ్ళలో ఒకే లోతులో కదలకుండా నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టి, కుడి వాల్వు మూసి, తెరిచి, మధ్యది మూసి, తెరిచి, ఎడమది మూసి, తెరవాలి. మీరు కుర్చీలో కూర్చునే చిన్న పరీక్ష చేసుకోండి. చెయ్యి పైకెత్తి, మెడ వెనక నుంచి కిందకి దించి, రెండు భుజాల రెక్కల మధ్య వెన్నెముకని తాకండి. అందిందా? నాకు అందలేదు. పదిహేనేళ్ళ కీబోర్డు భుజం ఇది. ఫిజియోథెరపీ డాక్టరు దగ్గరికెళ్తే, ఫ్రోజెన్ షోల్డరు కాదుగానీ దాని పినతండ్రి కొడుకులాంటిది అని తేల్చాడు. కుడి నాబు మునివేళ్ళకి తగిలేది. మధ్యది, అంటే అందరూ నన్ను కాపాడుతుందని చెప్పే ఆ ఐసోలేటరు, స్విమ్మింగు పూల్లో అయితే పదిసార్లలో ఆరుసార్లు అందేది. సముద్రంలో, మందపాటి సూటులో, రెండుసార్లు.

శిక్షకుడు పట్టీలు బిగించి సిలిండర్లు పైకి జరిపాడు. కొంచెం నయం. వ్యాయామాలు చేశా. ఇంకొంచెం నయం. కానీ మళ్ళీ ఆరు నెలల ప్రాజెక్టు, రాత్రి కాల్సు, హైదరాబాదు. తిరిగి వెళ్ళేసరికి భుజం మొదటికొచ్చింది.

అప్పుడు అర్థమైంది. పెట్టె మీద రాసి ఉన్న రిడండెన్సీ వేరు, నా చేతికి అందే రిడండెన్సీ వేరు. అందని వాల్వు లేని వాల్వుతో సమానం అనుకుంటాం. కాదు, లేనిదానికంటే చెడ్డది. లేదని తెలిస్తే జాగ్రత్తగా ఉంటాం. ఉందన్న ధీమాతో ఇంకాస్త లోతుకి, ఇంకాస్త సేపు వెళ్తాం.

దీనికి నీటి కింద కాని ఉదాహరణ ఒకటి చెప్తా. 1970 ఏప్రిల్లో అపోలో 13 చంద్రుడి దారిలో ఉండగా రెండో నంబరు ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ఒకటో నంబరు ట్యాంకు ఉందిగా? ఉంది, పక్కనే. ఆ పేలుడు దెబ్బకే అదీ కారిపోవడం మొదలై కాసేపటికి ఖాళీ అయింది. రెండు ట్యాంకులు, ఒకే గది, ఒకే దెబ్బ. తర్వాతి అపోలో 14కి నాసా మూడో ట్యాంకు పెట్టింది. దాన్ని మొదటి రెంటి పక్కన పెట్టలేదు. దూరంగా వేరే భాగంలో పెట్టి, విడగొట్టుకునే వాల్వు అమర్చింది. వాళ్ళు మార్చింది అంకె ఒక్కటే కాదు, దూరాన్నీ దారినీ కూడా.

మనకి ఇంకా దగ్గరిది, ఇంకా బాధాకరమైనది కూడా ఉంది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, పైపుల్లో పీడనం పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ప్రతివాడూ సిలిండరు, రెగ్యులేటరు, ఫ్లో మీటరు అన్న మాటలు నేర్చుకున్నాడు. నేను ఒకటే నేర్చుకున్నా. ఊపిరి విషయంలో "ఇంకోటి ఉంది" అన్నది జవాబు కాదు. "ఎన్ని నిమిషాల్లో అందుతుంది, ఎవరి చెయ్యి తిప్పుతుంది" అన్నదే జవాబు.

అందుకని నేను ఎంచుకున్నది సైడ్‌మౌంట్. కారణాలు చెప్తా, మీకు నప్పితేనే తీసుకోండి.

ఒకటి, వాల్వులు నా ఛాతీ పక్కన, కళ్ళకి కనబడేచోట ఉంటాయి. నా పాడు భుజంతో కూడా రెండు సెకన్లలో అందుతాయి. బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వెనక్కి చూసి ఊహించక్కర్లేదు, కనబడుతుంది. రెగ్యులేటరు ఆగకుండా గాలి కక్కుతుంటే వాల్వుని ఊపిరికోసారి కొంచెం తెరుస్తూ మూస్తూ అందులోంచి కూడా పీల్చుకోవచ్చు.

రెండు, మన దేశంలో అద్దెకి దొరికేవి ఎక్కువగా మామూలు ఒంటరి అల్యూమినియం సిలిండర్లే. మానిఫోల్డు, పట్టీలు అమర్చిన జంట సెట్టు కావాలంటే ముందే అడిగి పెట్టించుకోవాలి, అన్నిచోట్లా ఉండదు. సైడ్‌మౌంటుకి ఎక్కడైనా రెండు ఒంటరి సిలిండర్లు ఇస్తే చాలు, పట్టీలు నేను తీసుకెళ్తా.

మూడు, బరువు. రెండు సిలిండర్లూ కలిపి ముప్పై కిలోల పైమాటే. అది వీపున మోస్తూ ఊగే పడవ నిచ్చెన ఎక్కడం ముప్పైల్లో ఒక సంగతి, నలభైల్లో ఇంకో సంగతి. ఇందులో అయితే నీళ్ళలోనే విప్పి ఒక్కొక్కటీ పడవలోకి అందించేస్తా.

దీని దోషాలు దాచను. ఒక రెగ్యులేటరు పూర్తిగా పోతే ఆ సిలిండరులో గాలి రెండో వైపుకి రాదు, మానిఫోల్డులో వస్తుంది. రెండు గేజిలు చూస్తూ, మారుస్తూ ఉండాలి. పరధ్యానం మనుషులకి ఇది పనికిరాదు. పడవలో ఇరవై మంది ఉన్నచోట తగిలించుకోవడానికి టైము పడుతుంది, పక్కవాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళు చూస్తున్నారని తొందరపడితే మళ్ళీ మొదటికొస్తాం.

ఇందులో ఏదైనా సరే, మూడో వంతు సూత్రం తప్పదు. అమెరికా గుహ డైవరు షెక్ ఎక్స్‌లీ 1979లో రాసిన చిన్న పుస్తకం ఇప్పటికీ డైవర్లు తలుచుకుంటారు. ఆయన చేసింది మనం చేసే పోస్ట్‌మార్టమ్ పనే. జరిగిన ప్రమాదాల్ని ఒక్కొక్కటీ విప్పి, ఏ తప్పులు మళ్ళీ మళ్ళీ చంపుతున్నాయో తేల్చాడు. అందులో ఒకటి గాలి పంపకం. మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, చివరి మూడో వంతు నీది కాదు, నీ పక్కవాడిది. 200 బార్లతో దిగితే 135 దగ్గర వెనక్కి తిరగాలి. ఏడాదికి ఎంత అనుభవమున్నా ఈ లెక్క మారదు.

ఇంకో మాట. అసలు రెండో సిలిండరు కావాలా అని ముందు అడుక్కోండి. నేను అడుక్కోలేదు. మా ఆవిడ అడిగింది, "ఒక దాంతో వెళ్ళి చేపల్ని చూసి వస్తున్నావుగా, రెండోది చేపలకా?" అని. అప్పుడు నవ్వేశా గానీ ప్రశ్న సరైనదే. 18 మీటర్ల లోతులో ఒక సిలిండరు, 50 బార్లు మిగుల్చుకుని కూడా, పైన చెప్పిన లెక్కన అరగంట వస్తుంది. సరదాకి అది చాలు. 30 మీటర్ల దగ్గర గాలి ఎంతున్నా, ఆగకుండా పైకి రాగలిగే సమయం చాలా పట్టికల్లో 20 నిమిషాలే. రెండో సిలిండరు కట్టుకుంటే గాలి మిగులుతుంది, ఆ హద్దు దాటాలనిపిస్తుంది, దాటితే రక్తంలో కరిగిన నైట్రోజన్ బాకీ తీర్చడానికి దారిలో ఆగి ఆగి రావాలి. అంటే గాలి అయిపోతే నేరుగా పైకి వచ్చేసే స్వేచ్ఛ పోతుంది. భద్రత కోసమని కొన్నది ప్రమాదం వైపు నడిపించడం ఇలాగే. నేను ఇప్పుడు సైడ్‌మౌంట్ కట్టుకునేది ఎక్కువసేపు ఉండటానికి కాదు. ఒక సిలిండరు డైవునే రెండు సిలిండర్లతో చేస్తా. నాతో వచ్చేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

కొనేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. సిలిండరు మెడ మర కొలతలు అన్నీ ఒకటి కావు. ముప్పావు అంగుళం మరకి ఎం 25 వాల్వు కొంతవరకు ఎక్కినట్టే ఎక్కుతుంది, పీడనం పెరిగాక తుపాకీ గుండులా ఎగిరిపోతుంది. వాల్వులు మార్చే పని ఇంట్లో పెట్టుకోకండి. రెండోది, మెడ మీద గుద్దిన హైడ్రో టెస్టు తేదీ చూడకుండా అద్దెకి కూడా తీసుకోకండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ళ దగ్గర అసలే తీసుకోకండి.

మానిఫోల్డు వాడేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళని నేననడం లేదు. వారం వారం నీళ్ళలో ఉండి, కళ్ళు మూసుకుని మూడు వాల్వులూ తిప్పగలవాడికి అది నా దానికంటే మంచిదే. నేననేదల్లా ఏంటంటే, పెద్దవాళ్ళు వాడుతున్నారని, ఫలానా బడి ప్రమాణమని కొనకండి. మీ భుజం ఎంత తిరుగుతుంది, ఏడాదికి ఎన్నిసార్లు దిగుతారు, పోయినసారి ఎప్పుడు సాధన చేశారు... ఈ మూడూ చూసుకుని కొనండి. మన ఆఫీసుల్లో కూడా అంతే కదా. బ్యాకప్ రోజూ తీస్తాం. దాన్ని తిరిగి ఎక్కించి చూసింది ఎప్పుడని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

ఆ సబ్బు మొహం ఆదివారం తర్వాత నాకొక అలవాటు అయింది. నెల నెలా కరెంటు బిల్లు వచ్చిన రోజు డాబా మీదకెళ్ళి మధ్య వాల్వు ఒకసారి మూసి, తెరిచి, రెండు ట్యాంకుల మూతలూ ఎత్తి చూసి వస్తా. మొన్న బట్టలు ఆరేస్తూ ఆంటీ చూసింది.

"మంచిగనే ఉంది గద, దాన్నెందుకు ఊకె తిప్పుతవ్?"

"మంచిగా ఉన్నప్పుడు తిరిగితేనే ఆంటీ, చెడిపోయినప్పుడు తిరిగేది."

ఆవిడ ఒక నిమిషం ఆ వాల్వు వైపు చూసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, వచ్చి తనూ ఒకసారి తిప్పి చూసింది. కొంచెం బిగుతుగా ఉందట. నూనె చుక్క వెయ్యమంది.